ప్లాస్టరు ముక్కల మీద చానెళ్ల పేర్లు

మా ఇంట్లో అటక మీద ఒక మాడ్యులేటరు ఉంది. పాత కేబుల్ కంట్రోల్ రూములు చూసినవాళ్లకి అదేమిటో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. వీసీఆర్ కన్నా కాస్త సన్నగా ఉండే ఇనప డబ్బా అది. డిష్ పట్టిన సిగ్నల్‌లోంచి రిసీవరు బొమ్మనీ మాటనీ తీసి ఇస్తే, ఆ రెంటినీ ఒక నంబరు మీద ఎక్కించి ఊళ్లోకి పంపే పని దీనిది. చానెల్‌కి ఒకటి చొప్పున ర్యాకు నిండా ఇవే. ఒక్కోదాని ముఖాన తెల్ల ప్లాస్టరు ముక్క, దెబ్బలకి వేసే మెడికల్ షాపు ప్లాస్టరే, దాని మీద బాల్‌పెన్నుతో చానెల్ పేరు. చానెల్ పేరు మారితే పాత ముక్క పీకేవాళ్లం కాదు. పీకితే జిగురు మిగిలిపోయి దుమ్ము పట్టేది. అందుకని దాని మీదే ఇంకో ముక్క అంటించేవాళ్లం. కొన్ని డబ్బాల మీద మూడు నాలుగు పొరలు ఉండేవి. గోరుతో అంచు లేపితే కింద పాత పేరు కనిపించేది.

తెలుగు టీవీ చరిత్ర ఎవరైనా రాస్తే రాయనీ. నాకు తెలిసిన చరిత్ర ఆ పొరల్లో ఉన్నదే.

1996లో ఇంటర్ తప్పి, తెనాలిలో ఒక కేబుల్ ఆఫీసులో చేరాను. ఓనరు గారు అంతకుముందు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవారు. పెళ్లిళ్లకి టీవీ, వీసీపీ పంపేవారు. కేబుల్ వచ్చాక ఆ కొట్టు వెనక గదే కంట్రోల్ రూము అయింది. పైన డాబా మీద పన్నెండడుగుల జాలీ డిష్‌లు మూడు. కింద గదిలో ర్యాకు, ఒక పాత ఫ్యాను, ఒక చాప, ఒక ల్యాండ్‌ఫోను. ఫోను మోగిందంటే మనిషి పేరు అడిగే పని లేదు, వీధి పేరు అడిగితే చాలు.

మొదటి రోజే ఓనరు గారు ర్యాకు ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "ఇదిగో ఈ పైన ఉన్నయి ప్రైమ్ బ్యాండు. పాత టీవీ అయినా, కొత్త టీవీ అయినా ఇవి వచ్చి తీరాల. దూరదర్శన్‌ని అసలు తియ్యకూడదు, చట్టం." నిజమే. 1995లో వచ్చిన కేబుల్ టీవీ చట్టం కేబులు వాళ్లు కనీసం రెండు దూరదర్శన్ చానెళ్లు ఇచ్చి తీరాలంది. 2000లో దాన్ని సవరించి, అవీ, వాటితో పాటు ఆ రాష్ట్ర భాషా చానెలూ ప్రైమ్ బ్యాండులోనే ఉండాలన్నారు. మా ఓనరు గారు మాత్రం చట్టం చెప్పకముందే తెలుగు దూరదర్శన్‌ని ఎనిమిదో నంబరు మీద పెట్టేశారు. ఎందుకంటే దాని పేరే డీడీ-8. "ఎనిమిది ఎనిమిదిలో ఉంటే ముసలోళ్లకి గుర్తుంటది" అనేవారు.

ఆ ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పట్లో నాకు తెలీదు. దూరదర్శన్ వాళ్లు ప్రాంతీయ భాషా చానెళ్లకి వరసగా నంబర్లు ఇచ్చుకుంటూ పోయారు. మలయాళానికి 4, తమిళానికి 5, తెలుగుకి 8, కన్నడానికి 9, మరాఠీకి 10, గుజరాతీకి 11. రేషన్ కార్డు మీద వరస నంబరులా మన భాషకి ఎనిమిది పడిందన్నమాట. అంతకుముందు మనకి ఉన్నదల్లా హైదరాబాద్ కేంద్రం. 1977లో మొదలైంది. మా చిన్నప్పుడు విజయవాడ వైపు తిప్పిన యాంటెన్నాలో సాయంత్రం కాసేపు తెలుగు వచ్చేది. ఏడింటికి శాంతిస్వరూప్ గారు వార్తలు చదువుతుంటే మా తాత నిటారుగా కూర్చునేవాడు, ఆయనకి ఎదురుగా ఉన్నట్టే. 1983 నవంబరు 14న తెలుగులో తొలిసారి టీవీ వార్తలు చదివిన మనిషి ఆయన. 2024 ఏప్రిల్‌లో పోయారని తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా తాత వెన్నెముకే.

డీడీ-8 మీద రెండో ప్లాస్టరు అంటించింది నేనే. "సప్తగిరి" అని రాశాను. సున్నా సరిగ్గా కుదరలేదని ఓనరు గారు నవ్వారు. సప్తగిరిలో సున్నా ఎక్కడుందని అడిగాను. "అదేరా, గి గుడి సున్నాలాగా ఉంది" అన్నారు. ఆ పేరొచ్చిన కొత్తలో ఫోన్లు తెగ మోగాయి. "ఎనిమిదో నంబర్లో ఏదో భక్తి చానెల్ పెట్టారంట, మా డీడీ ఎయిట్ మాకు పెట్టండి" అని. అదే ఇది అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ఆ రోజుల్లో నంబర్లన్నీ పోయి పేర్లొచ్చాయి. గమ్మత్తేమిటంటే కొన్ని భాషలకి కొండల పేర్లు దక్కాయి. తమిళానికి పొదిగై, మరాఠీకి సహ్యాద్రి, గుజరాతీకి తర్వాతెప్పుడో గిర్నార్, మనకి తిరుమల ఏడుకొండలు. కన్నడం వాళ్లకి మాత్రం కొండ కాకుండా చందనం చెట్టు దక్కింది. ఢిల్లీలో ఎవరో మ్యాపు ముందేసుకుని కూర్చుని రాష్ట్రానికో కొండ పంచినట్టుంది. తప్పు పట్టట్లేదు. నంబరు కన్నా కొండ నయమే. కాకపోతే మా అమ్మ ఇప్పటికీ "డీడీ ఎయిట్ పెట్టరా" అనే అంటుంది. సప్తగిరి అని ఆవిడ నోట వింటే తిరపతి బస్సు గురించే అయ్యుంటుంది.

దూరదర్శన్ పేర్లు మారాయి గానీ యజమాని మారలేదు. 1997లో ప్రసార భారతి వచ్చింది, బోర్డు మారింది, అంతే. కన్ను లాంటి ఆ గుర్తు, దాని చుట్టూ తిరిగొచ్చే ఆ రాగం 1976 నుంచీ ఉన్నవి. ఆ రాగం వినిపిస్తే మా కంట్రోల్ రూములో నిద్రపోతున్నవాడు కూడా ఆరున్నరో ఏడో అయిందని లేచేవాడు. ప్రైవేటు చానెళ్ల కథ అలా కాదు. వాటిలో ఒకచోట పేరు అలాగే ఉండి ఓనరు మారతాడు, ఇంకోచోట ఓనరు అలాగే ఉండి పేరు మారుతుంది, ఒక్కోసారి రెండూ మారిపోయి ప్రోగ్రాం ఒక్కటే మిగులుతుంది. ర్యాకు ముందు కూర్చున్నవాడికి తెలిసేది ఒకటే, ప్లాస్టరు మార్చాలా వద్దా అని.

జెమిని 1995 ఫిబ్రవరిలో వచ్చింది, ఈటీవీ అదే ఏడు ఆగస్టు 27న. నేను చేరేసరికే రెండిటికీ మొదటి పొర ప్లాస్టర్లు పసుపెక్కి ఉన్నాయి. ఊళ్లో అప్పటికే రెండు పార్టీలు. సాయంత్రం సీరియళ్ల వేళ జెమిని పోతే ఒక వీధి, ఈటీవీ పోతే ఇంకో వీధి మా మీద పడేవి. ఈటీవీని జనం "ఈనాడు టీవీ" అనే అనేవారు. పేపరు వేసే మనిషే టీవీ కూడా ఇంటికి తెచ్చి పడేస్తున్నాడన్నంత చనువు. జెమినిని మాత్రం ఎవరూ ఎవరితోనూ ముడిపెట్టేవారు కాదు. తర్వాత అది మద్రాసు సన్ నెట్‌వర్క్‌లో భాగమైంది, 2000ల మధ్యలో ఆ కంపెనీ సన్ టీవీలోనే కలిసిపోయింది. మా ఊళ్లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పేరు మారలేదుగా మరి. ప్లాస్టరు కూడా మార్చలేదు.

సన్ అంటే ఒక ముచ్చట. ఏటా మార్చిలోనూ, సెప్టెంబరు-అక్టోబరు ప్రాంతంలోనూ కొన్ని రోజుల పాటు సరిగ్గా ఒకే వేళకి బొమ్మ మీద చుక్కలు పడి, చిర్రుమని, ఐదారు నిమిషాలు మొత్తం పోయేది. సూర్యుడు నేరుగా శాటిలైట్ వెనక్కి వస్తాడు. డిష్‌కి శాటిలైట్ మాట వినపడదు, సూర్యుడి గోలే వినపడుతుంది. మేం చెయ్యగలిగింది ఏమీ లేదు. ఫోన్లో ఎవరికైనా "సూర్యుడు అడ్డమొచ్చాడండీ" అంటే తాగి మాట్లాడుతున్నామనుకునేవారు. ఒకసారి ఓ మాస్టారు గారు ఫోన్ చేస్తే మా లైన్‌మన్ అన్న పొరపాటున "సన్ వల్లండీ" అన్నాడు. "జెమిని వాళ్లది కూడా సన్నే కదయ్యా, సొంత చానెల్‌కి వాళ్లే అడ్డమేంటి?" అని అడిగారాయన. మా ఊళ్లో జెమిని ఓనరెవరో తెలిసిన ఒకే ఒక్క మనిషిని అలా కనిపెట్టాం.

సన్ వాళ్లదే తేజ టీవీ అని సినిమాలు వేసే చానెల్ ఒకటుండేది. ఆ పేరున్న గోడ గడియారం ఒకటి మా కంట్రోల్ రూముకి వచ్చింది. అప్పట్లో కొత్త చానెళ్ల మనుషులు వచ్చి మంచి నంబర్లో పెట్టమని అడిగేవారు, పోతూ పోతూ గడియారాలు, సంచులు, టోపీలు ఇచ్చేవారు. మా ఇంట్లో కూరగాయల సంచుల మీద ఎప్పుడూ ఏదో ఒక చానెల్ లోగో ఉండేది. కొన్నాళ్లకి తేజ కాస్తా జెమిని మూవీస్ అయింది. ప్లాస్టరు మారింది, గడియారం మారలేదు. సెల్లు మారిస్తే తిరుగుతూనే ఉండేది.

2002లో మా టీవీ వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్లు కేబుల్ ఆఫీసులో ఫోనెత్తే కుర్రాళ్ల గతి ఆలోచించలేదని నా గట్టి నమ్మకం.

"మా టీవీ రావట్లేదండీ."
"మీ టీవీ రావట్లేదా, మా టీవీ రావట్లేదా?"
"అదే, మా టీవీ."
"మీ ఇంట్లో టీవీనా అండీ?"
"మా ఇంట్లో టీవీలో, మా టీవీ!"

రోజుకి పదిసార్లు ఇదే. చివరికి "మిగతా చానెళ్లు వస్తున్నాయా?" అని మొదలెట్టడం అలవాటు చేసుకున్నాం.

ఈ పెద్ద చానెళ్ల మధ్యలో, ర్యాకులో అట్టడుగున మా సొంత లోకల్ చానెల్ ఉండేది. డిష్‌తో పని లేదు. ఒక వీసీఆరు, ఆ పక్కనే పాత కంప్యూటరు, అంతే. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం ఓ సినిమా, సాయంత్రం ఊరి వార్తలు. వార్తలంటే రోటరీ మీటింగు, గుళ్లో కల్యాణం, మార్కెట్ యార్డులో గొడవ. కింద స్క్రోలింగులో బట్టల కొట్ల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, తప్పిపోయిన గేదెలు. గేదె స్క్రోలింగుకి డబ్బు తీసుకునేవాళ్లం కాదు.

దానికి మొదట ఓనరు గారి పెద్దమ్మాయి పేరు. ఊరూరా కేబుల్ చానెళ్లకి కూతుళ్ల పేర్లే ఉండే కాలం అది. లోగో ఫొటో స్టూడియో కుర్రాడు చేసిచ్చాడు. తామరపువ్వు, దాని మీద పిల్ల పేరు. ఆ పిల్లకి స్కూల్లో ప్రాణం మీదికొచ్చేది. "నీలో కరెంటు పోయింది" అని తోటి పిల్లలు ఏడిపించేవారట.

తర్వాత ఫైబరు వెయ్యాలంటే డబ్బు చాల్లేదు. పక్క వార్డుల కేబులాయన భాగస్వామిగా వచ్చాడు. పేరు మార్చాలన్నది ఆయన షరతు. రెండిళ్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి కొత్త పేరు తయారుచేశారు, పలికితే మందు సీసా పేరులా ఉండేది. రాత్రి పన్నెండుకి మార్చాలి, ముహూర్తం. ఆ రాత్రి డ్యూటీ నాది. ఫ్లాపీలో తెచ్చిన కొత్త లోగో సరిగ్గా పన్నెండుకి మూలన పెట్టి, గర్వంగా చాప మీద పడుకున్నాను. కింద స్క్రోలింగులో పాత పేరు నడుస్తోందన్న సంగతే తట్టలేదు. తెల్లారేదాకా పైన ఒక పేరు, కింద ఒక పేరు. ఆరింటికల్లా కొత్త భాగస్వామి లుంగీ మీదే వచ్చేశాడు.

"ఎవడి చానెల్రా ఇది? కింద ఎవడి పేరు, పైన ఎవడి పేరు?"

నా నోరు పెగల్లేదు. ఓనరు గారు బ్రష్షు నోట్లో పెట్టుకునే బయటికొచ్చి చూసి, "రెండూ మనయ్యేగా బావగారూ, పోన్లెండి" అన్నారు. ఆ మాటతో ఆయన కోపం దిగిందో, బావగారూ అన్నందుకు దిగిందో తెలీదు. టీ తెప్పించారు.

మూడోసారి పేరు మారలేదు, రంగు మారింది. ఎన్నికల ముందు ఒక నాయకుడి బంధువు సగం వాటా కొన్నాడు. మర్నాటికల్లా లోగో వెనక ఆ పార్టీ రంగు. వార్తలు కూడా ఆ రంగులోకే తిరిగాయి. మేం కెమెరాతో వెళ్తే అవతలి పార్టీ వాళ్లు మైకు పట్టుకున్న చెయ్యి చూసి మొహం తిప్పుకునేవారు. ఫలితాలు తిరగబడ్డాయి. వారం తిరక్కుండానే లోగో వెనక తెలుపు వచ్చింది. ఆ వాటా ఎవరికి పోయిందో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. జీతం మాత్రం రెండు నెలలు ఆలస్యమైంది.

నాలుగోసారి అసలు దెబ్బ. విజయవాడలో ఒక ఎమ్మెస్వో, అంటే మాలాంటి చిన్న ఆపరేటర్లకి ఫైబరు మీద సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ, లైన్లన్నీ కలిపేసుకుంది. డిష్‌లతో ఇక పని లేదు. అన్ని ఊళ్ల లోకల్ చానెళ్లకీ ఒకటే పేరు, మూడు ఇంగ్లీషు అక్షరాలు. సాయంత్రం గంటసేపు మాత్రం "తెనాలి వార్తలు" అని మాకు చోటిచ్చారు. ఆ మూడక్షరాలూ ఊళ్లో ఎవరి నోటా తిరగలేదు. మూలన లోగోలో ఏముందో చూడకుండానే జనం చివరిదాకా పెద్దమ్మాయి పేరుతోనే పిలిచారు. ఆ అమ్మాయికి అప్పటికి పెళ్లై అమెరికా వెళ్లిపోయింది.

నేను 2008లో హైదరాబాద్ వచ్చేశాను, వేరే పని, వేరే గోల. అయినా చానెల్ పేర్లు మారినప్పుడల్లా చెయ్యి జేబులో ప్లాస్టరు కోసం వెతికేది. 2015లో మా పక్క పోర్షన్‌లో ఉండే బళ్లారి ఆయన ఒకరోజు దిగులుగా "మా ఈటీవీ కన్నడ పోయిందండీ, కలర్స్ అయిపోయింది" అన్నాడు. రామోజీరావు గారు వేరే భాషల్లో పెట్టిన ఈటీవీలు అంతకుముందే నెట్‌వర్క్18 వాళ్లకి వెళ్లాయి. కన్నడం, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒరియా, వినోదం చానెళ్లన్నీ ఆ ఏడు కలర్స్ అయ్యాయి. తెలుగు ఈటీవీ మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. "మీది మీకుంది" అన్నాడు బళ్లారి ఆయన, నేనేదో ఆస్తి దాచుకున్నట్టు.

అదే ఏడాది మొదట్లో మా టీవీని స్టార్ వాళ్లు కొంటున్నారని వార్త వచ్చింది. పేరు మాత్రం 2017 దాకా మార్చలేదు, అప్పుడు స్టార్ మా అయింది. ఆ స్టార్ కూడా తర్వాత డిస్నీకి వెళ్లి, 2024 నవంబరులో రిలయన్స్ వాళ్లతో కలిసి జియోస్టార్ అయింది. ముగ్గురు ఓనర్లు మారినా ముందు తగిలించిన స్టార్ అలాగే ఉంది, వెనకున్న "మా" కూడా అలాగే ఉంది. ఇందులో "మా" ఎవరన్న ప్రశ్నకి జవాబు నాకిప్పటికీ తెలీదు, ఫోనెత్తినప్పుడూ తెలీదు.

రాష్ట్రం విడిపోయినప్పుడు దూరదర్శన్‌ని కూడా పంచారు. సప్తగిరి విజయవాడకి వెళ్లింది, హైదరాబాద్‌లో యాదగిరి వచ్చింది. మళ్లీ కొండే! అక్కడ వెంకన్న, ఇక్కడ నరసింహస్వామి. ఆ తర్వాత గుట్ట పేరే యాదాద్రి అని మార్చారు, చానెల్ మాత్రం యాదగిరిగానే ఉంది. 2024లో గుట్ట మళ్లీ యాదగిరిగుట్ట అయింది. అంటే పేరు మార్చకుండా ఊరుకున్న చానెలే చివరికి సరైనదన్నమాట. అదే 2024 జనవరిలో తమిళ పొదిగై పేరు తీసేసి డీడీ తమిళ్ అని పెట్టారు. పేరులో ఇంత దర్జా ఉన్న చానెల్‌ని పట్టుకుని అంత బోసిగా పిలవడం నాకు నచ్చలేదు.

సెట్‌టాప్ బాక్సులు మా ఊరికి 2016, 17 ప్రాంతంలో పూర్తిగా వచ్చాయి. పాత ర్యాకు దండగైపోయింది. సంక్రాంతికి ఊరెళ్తే ఓనరు గారు పిలిపించారు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే కాటా తెచ్చి డిష్‌లు విప్పుతున్నాడు. జాలీ అల్యూమినియం ఒక రేటు, ఇనుము ఒక రేటు. డబ్బాలన్నీ గుమ్మం ముందు కుప్ప. ఎండకి ప్లాస్టర్ల అంచులు లేచి ఉన్నాయి. కూర్చుని ఒక్కోటీ చూశాను. జెమిని మూవీస్ కింద తేజ. డీడీ న్యూస్ కింద డీడీ మెట్రో. 2003 నవంబరులో మెట్రో పోయి న్యూస్ వచ్చినప్పుడు అంటించింది అది. సప్తగిరి కింద ఓనరు గారి చేతిరాతలో డీడీ-8, అంకె చుట్టూ రెండు గీతలు.

అట్టడుగు డబ్బా మీద మాత్రం ఒకటే పొర. పన్నెండేళ్లు దాని ముందు కూర్చున్నాను గానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. పేరు రెండుసార్లు మారినా, రంగు మారినా, భాగస్వాములు వచ్చి పోయినా దాని మీద కొత్త ముక్క ఎవరూ అంటించలేదు. నల్లబడిపోయిన ప్లాస్టరు మీద ఓనరు గారు మొదటి రోజు రాసిందే ఉంది.

"మనది."

కాటా వాడు చెయ్యి పెట్టేలోపు దాన్ని చంకలో పెట్టుకున్నాను. ఓనరు గారు అటువైపు చూడనట్టే ఊరుకుని, "ఆ ఒక్కటీ తూకంలో తీసెయ్యవయ్యా" అన్నారు వాడితో.